లండన్ ఆసుపత్రుల కప్పు: నూటయాభై ఏళ్ళ జట్టులో ఎవరికి చోటు?

రగ్బీలో ఇప్పటికీ జరుగుతున్న కప్పు పోటీల్లో అన్నిటికన్నా పాతది లండన్ వైద్య విద్యార్థులది. 1874-75 సీజనులో మొదలైన యునైటెడ్ హాస్పిటల్స్ కప్పు కోసం లండన్ బోధనాసుపత్రుల జట్లు తలపడుతూ వచ్చాయి. మొదటి కప్పు గైస్ ఆసుపత్రిది. తరువాత ఆసుపత్రులు కొన్ని మూతపడ్డాయి, కాలేజీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, రగ్బీ జీతాల ఆటగా మారింది. అయినా ఈ పోటీ ఆగలేదు, ఆడేవాళ్ళకు పైసా ముట్టే పద్ధతీ రాలేదు.

దీని గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి పత్రికల్లోనూ క్లబ్బు చరిత్రల్లోనూ కనబడుతుంది. ఏ ఏడు ఎవరు గెలిచారు, ఎవరు ఇంగ్లండ్‌కో వేల్స్‌కో ఆడారు, ఫలానా పెద్ద సర్జన్ కుర్రతనంలో ఎంత జోరుగా పరిగెత్తేవాడు అన్నవే అక్కడి కబుర్లు. వైద్య విద్య చరిత్రకారులు, ముఖ్యంగా లండన్‌లో స్త్రీల చదువుపై పరిశోధించిన కారొల్ డైహౌస్, ఇదే ఆటను మరో వైపు నుంచి చూశారు. ఆటస్థలంలో మగపిల్లలు ఏంచేశారన్నది కాక, ఆ ఆట పేరు చెప్పి ఎవరిని గుమ్మం దగ్గరే ఆపారన్నది వాళ్ళు పట్టించుకున్నారు. నా మట్టుకు నాకు ఈ రెండో వరస రాతలు చదవకుండా మొదటి వరసను నమ్మటం కుదరదు. డాక్టరు కావటానికి ఎవరు తగినవాళ్ళన్న ప్రశ్నకు, ఏ నిబంధనల పుస్తకంలోనూ రాయని జవాబు ఒకటి ఈ కప్పు చుట్టూ నూరేళ్ళపాటు నడిచింది. ఆ జవాబు ఎలా పుట్టిందో, ఎలా చెదిరిందో తెలిస్తేనే ఈ పోటీ చరిత్ర అర్థమవుతుంది.

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో లండన్ వైద్య విద్యార్థికి మంచి పేరు లేదు. డికెన్స్ 1836-37లో రాసిన ‘పిక్విక్ పేపర్స్’లో బాబ్ సాయర్ అనే మెడికో ఉంటాడు. గైస్ ఆసుపత్రికి దగ్గర్లో లాంట్ వీధిలో అద్దెగది, తీర్చని బాకీలు, రాత్రంతా తాగుడు. పాఠకులు అతన్ని చూసి నవ్వుకున్నారంటే అలాంటివాళ్ళు వాళ్ళకు తెలుసు కాబట్టే. అప్పట్లో ఆసుపత్రి స్కూళ్ళు నడిచేది విద్యార్థులు కట్టే ఫీజుల మీద. పాఠం చెప్పే డాక్టర్లకు అందులోంచే వాటా. కాబట్టి మంచి కుటుంబాల పిల్లలను తమవైపు తిప్పుకోవటానికి ఆసుపత్రుల మధ్య పోటీ ఉండేది. కొడుకును లండన్ పంపే తండ్రికి వాడు సారాయి కొట్లో కూర్చోడని, బుద్ధిగా తోటివాళ్ళతో ఆడుకుంటాడని భరోసా ఇవ్వాలి. ఆటల క్లబ్బులు, పడవ పందాలు, సొంత మైదానాలు ఈ అవసరంలోంచి వచ్చాయి.

రగ్బీయే ఎందుకంటే, చేరే కుర్రాళ్ళలో చాలామంది రెసిడెన్షియల్ పబ్లిక్ స్కూళ్ళలో చదివినవాళ్ళు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట రగ్బీ స్కూలు నుంచి ఆ స్కూళ్ళకు పాకింది. స్కూలు వదిలినవాళ్ళు దాన్ని ఆసుపత్రులకు తెచ్చారు. గైస్ క్లబ్బు తాను 1843లోనే పుట్టానని, ప్రపంచంలో అన్నిటికన్నా పాత రగ్బీ క్లబ్బు తానేనని చెప్పుకుంటుంది. ఇందుకు ఆధారం తరువాతెప్పుడో, 1883లో, అచ్చయిన మ్యాచుల కార్డు మీద నలభయ్యో సీజను అని ఉండటం. 1854 నుంచి కాగితాల్లో కనబడే డబ్లిన్ విశ్వవిద్యాలయ క్లబ్బు అభిమానులు దీన్ని ఒప్పుకోరు. నలభై ఏళ్ళ తరువాత వేసిన లెక్కను గట్టి సాక్ష్యమని నేనూ అనలేను. అయితే 1871 జనవరి 26న లండన్‌లోని పాల్ మాల్ రెస్టారెంటులో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించిన 21 క్లబ్బుల్లో గైస్ ఒకటి. దాంతో పోలిస్తే 1843 ఘనత పెద్ద విషయం కాదు. ఆటకు ఉమ్మడి నియమాలు రాసినప్పుడే వైద్య విద్యార్థులు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

అయితే ఆ యూనియన్‌కు కప్పు పోటీలంటే సందేహం. కప్పు పెడితే గెలుపు పిచ్చి పడుతుందని, దాని వెనకే డబ్బు వస్తుందని పెద్దల భయం. మన దేశంతో ముడిపడిన ఒక ముక్క ఇక్కడ ఉంది. 1873లో మొదలైన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నేళ్ళకే సభ్యులు లేక మూతపడింది. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి, నాగుపాములు పిడులుగా, ఏనుగు మూతగా ఒక కప్పు చేయించి 1878లో యూనియన్‌కు ఇచ్చారు. ఫుట్‌బాల్‌లో ఎఫ్.ఎ. కప్పు మాదిరిగా క్లబ్బుల మధ్య ఏటా పోటీ పెట్టమని వాళ్ళ కోరిక. యూనియన్ ఒప్పుకోలేదు. దాన్ని ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్ల మ్యాచికి పెట్టింది. 1879 మార్చిలో ఎడింబరోలో జరిగిన మొదటి మ్యాచి ఎవరూ గెలవకుండా ముగిసింది. క్లబ్బుల కప్పు వద్దని పెద్దలు తలలు అడ్డంగా ఊపుతున్న ఆ రోజులకే ఆసుపత్రుల కప్పు నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆడేవాళ్ళందరూ ఒకే వర్గం కుర్రాళ్ళు, రేపు అందరూ డాక్టర్లే. వాళ్ళ చేతుల్లో కప్పు ఉంటే ఆట చెడిపోతుందని ఎవరికీ అనిపించలేదు.

ఈ నమ్మకం ఎవరి మీద ఉంది, ఎవరి మీద లేదు అన్నది 1895లో తేలిపోయింది. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళు శనివారం ఆడితే ఆ పూట కూలి పోయేది. దానికి పరిహారం ఇప్పించమని అక్కడి క్లబ్బులు అడిగాయి. అమెచ్యూర్ సూత్రానికి విరుద్ధమని యూనియన్ కాదంది. హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. అక్కడి నుంచే రగ్బీ లీగ్ వేరైంది. ఆసుపత్రి జట్లలో ఎవరికీ కూలి నష్టం లేదు. తండ్రి పంపే డబ్బుతో చదువుతూ సాయంత్రం ఆడేవాడికి అమెచ్యూర్‌గా ఉండటం కష్టమేమీ కాదు. డబ్బు తీసుకోకుండా ఆడటంలో నిజమైన అందం ఉందని నేను నమ్ముతాను. కానీ ఆ అందానికి ఖర్చు ఎవరు భరించగలిగారన్నది వదిలేసి ఈ పోటీని ‘ఆట కోసం ఆట’ అని పొగిడితే సగం కథే చెప్పినట్టు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు గైస్ జట్టుకు ఎదురు నిలవటం కష్టం. దీనికి సామ్రాజ్యం ఒక కారణం. దక్షిణాఫ్రికాలో అప్పటికి పూర్తి వైద్య కళాశాల లేదు. కేప్ టౌన్‌లో 1912లో మొదలైన చదువు పూర్తి డిగ్రీ దాకా రావటానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఆలోగా అక్కడి కుర్రాళ్ళు, న్యూజీలండ్ నుంచి కొందరు, లండన్‌కో ఎడింబరోకో వెళ్ళేవారు. వాళ్ళు రగ్బీ ఊపిరిగా పెరిగినవాళ్ళు. 1904లో బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా, న్యూజీలండ్ పర్యటనకు వెళ్ళినప్పుడు అందులో ఆర్థర్ ఓబ్రైన్, పాట్ మెక్‌ఈవెడీ అనే న్యూజీలండ్ వాళ్ళున్నారు. ఇద్దరూ గైస్ మెడికోలు. ఆ జట్టు కెప్టెన్ డేవిడ్ బెడెల్-సివ్‌రైట్ గాయపడినప్పుడు పగ్గాలు పట్టిన టెడ్డీ మోర్గన్ కూడా గైస్ విద్యార్థే. ఈ మోర్గన్ పేరును వేల్స్‌లో ఇప్పటికీ మరిచిపోలేదు. 1905 డిసెంబర్ 16న కార్డిఫ్‌లో, అప్పటిదాకా ఆ పర్యటనలో ఒక్క మ్యాచీ ఓడని న్యూజీలండ్‌ను వేల్స్ 3-0తో ఓడించింది. ఆ మూడు పాయింట్లూ తెచ్చిన ఒకే ఒక ట్రై మోర్గన్ చేసిందే. అలాంటివాడు ఆసుపత్రి జట్టులో ఆడుతుంటే ఎదుటి జట్టు హౌస్ సర్జన్ల అవస్థ ఊహించుకోవచ్చు. ఆసుపత్రి క్లబ్బులు ఆ కాలంలో బ్లాక్‌హీత్, హార్లెక్విన్స్ వంటి పెద్ద క్లబ్బులతో సమానంగా ఆడేవి. కప్పు ఫైనల్‌ను పత్రికలు సీరియస్‌గా రిపోర్టు చేసేవి.

ఇక అసలు సంగతికి వస్తాను. కప్పు మొదలైన 1874లోనే, ఆ అక్టోబరులోనే, లండన్‌లో ఇంకో సంస్థ తలుపులు తెరిచింది. సోఫియా జెక్స్-బ్లేక్ పూనికతో పుట్టిన లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్. అంతకు ముందు ఎడింబరోలో ఆమె, ఆమె తోటి విద్యార్థినులు వైద్యం చదువుతామంటే 1870 నవంబరులో మగ విద్యార్థులు వాళ్ళ మీద బురద విసిరి పరీక్ష హాలు గేటు మూసేశారు. లండన్‌లో స్కూలు పెట్టుకున్నాక కూడా రోగుల మంచాల పక్కన నిలబడి నేర్చుకోనిచ్చే బోధనాసుపత్రి దొరకలేదు. చివరికి 1877లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి ఒప్పుకుంది. మన వైపు నుంచి చూస్తే, తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకుంది. వాళ్ళలో ఒకరైన మేరీ షార్లీబ్ పైచదువుకు లండన్ వెళ్ళి ఆ స్త్రీల స్కూల్లోనే చేరింది. తిరిగివచ్చి మద్రాసులో ఘోషా ఆసుపత్రిని నెలకొల్పటంలో ముందు నిలిచింది. తిరువల్లిక్కేణిలో కస్తూర్బా గాంధీ ఆసుపత్రిగా ఇప్పటికీ ఉన్నది అదే. మద్రాసులో చదవగలిగిన ఆడమనిషికి, కప్పు ఆడే లండన్ ఆసుపత్రుల్లో చోటు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి మగపిల్లలు సైన్యంలోకి వెళ్ళేసరికి స్కూళ్ళలో బెంచీలు ఖాళీ అయ్యాయి, ఫీజులు ఆగిపోయాయి. సెయింట్ మేరీస్, లండన్ ఆసుపత్రి, సెయింట్ జార్జెస్, వెస్ట్‌మిన్‌స్టర్, చారింగ్ క్రాస్ వంటివి అప్పుడు అమ్మాయిలను చేర్చుకున్నాయి. యుద్ధం ముగిసి కొన్నేళ్ళు గడవగానే ఒక్కొక్కటే మళ్ళీ తలుపులు మూసుకున్నాయి. మేరీస్‌లో 1924లో మగ విద్యార్థులు అర్జీ పెట్టారు. ఆ చర్చల్లో వినబడిన వాదనల్లో ఒకటి రగ్బీ. ఆడపిల్లలు ఎక్కువైతే మంచి ఆటగాళ్ళు మన స్కూలుకు రారు, కప్పు గెలవలేం, కప్పు గెలవని స్కూలుకు పరువుండదు. ఇది చదివినప్పుడు నాకు కలిగేది కోపమే. రోగి నాడి చూడగలిగిన, మృతదేహాన్ని కోసి నేర్చుకోగలిగిన మనిషిని స్క్రమ్‌లో భుజం ఆనించలేదన్న కారణంగా గుమ్మం బయటే ఆపటం జరిగింది. క్లబ్బు చరిత్రలు ఆ ఏళ్ళను జట్టును మళ్ళీ కట్టుకున్న కాలంగా రాస్తాయి. దానికి వెల ఎవరు కట్టారో రాయవు.

మేరీస్‌కు 1920 నుంచి 1945 దాకా డీన్‌గా ఉన్నవాడు చార్లెస్ విల్సన్. తరువాత లార్డ్ మోరన్, చర్చిల్ సొంత వైద్యుడు. సోమ్ యుద్ధంలో మిలిటరీ క్రాస్ పొందిన సైనిక డాక్టరు. మనిషి ధైర్యం మీద ‘ది అనాటమీ ఆఫ్ కరేజ్’ అనే పుస్తకం రాశాడు. కందకాల్లో తాను చూసిన మగతనం, నిబ్బరం ఆటస్థలంలో ముందుగానే బయటపడతాయని ఆయన గట్టి నమ్మకం. పరీక్ష మార్కుల కన్నా వ్యక్తిత్వం చూసి, ఆటల్లో దిట్టలైన కుర్రాళ్ళను వెతికి తెచ్చుకున్నాడు. ఇంటర్వ్యూలో అభ్యర్థి వైపు రగ్బీ బంతి విసిరేవారని, పట్టుకుంటే సీటు, తిప్పి కొడితే స్కాలర్‌షిప్పు అని లండన్‌లో ప్రచారమైన కథ ఈ కాలం నీడలోనే పుట్టింది. ఫలితం మాత్రం కథ కాదు. 1930, 40లలో మేరీస్ జట్టు పోటీని తన గుప్పిట్లో పెట్టుకుంది. అక్కడ చదివినవాళ్ళలో టప్పీ ఓవెన్-స్మిత్, టామీ కెంప్, నిమ్ హాల్ ముగ్గురూ ఇంగ్లండ్ కెప్టెన్లయ్యారు. ఓవెన్-స్మిత్ అంతకు ముందే, 1929లో, దక్షిణాఫ్రికా తరఫున హెడింగ్లీ టెస్టులో 129 పరుగులు చేసిన క్రికెటర్. పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్ 1937లో టెడింగ్‌టన్‌లోని ఉడ్నీ పార్క్ మైదానాన్ని ఈ స్కూలుకు ఇప్పించాడు.

మోరన్‌ను కేవలం పక్షపాతిగా కొట్టిపారేయటం న్యాయం కాదు. వెనకబడి ఉన్న స్కూలును ఆయన నిలబెట్టాడు. ఆటగాళ్ళుగా వచ్చినవాళ్ళలో మంచి డాక్టర్లయినవాళ్ళు చాలామంది. ఆయన అభిమానులు అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌ను కూడా ఉదాహరణగా చూపుతారు. ఫ్లెమింగ్ 1901లో మేరీస్‌ను ఎంచుకున్నది ఆ స్కూలు జట్టుతో ఒకసారి వాటర్ పోలో ఆడినందుకు. చదువయ్యాక అక్కడి ప్రయోగశాలలో ఉండిపోయింది, మంచి గురికాణ్ణి వదులుకోవటం రైఫిల్ క్లబ్బుకు ఇష్టం లేనందుకు. అట్లా ఆటలు లేకపోతే 1928లో పెనిసిలిన్ కనబడిన గదిలో ఆయన ఉండేవాడే కాదంటారు. కావచ్చు. అయితే ఆ ఒక్క ఉదాహరణ, వాకిట్లోంచే తిప్పి పంపినవాళ్ళలో ఎందరు ఫ్లెమింగ్‌లు పోయారన్న ప్రశ్నను చెరిపేయలేదు. ఆటలో కనబడే ధైర్యం నిజమే. అది ఒక్క ఆటలోనే, ఒక్క రకం స్కూళ్ళ నుంచి వచ్చిన మగపిల్లల్లోనే కనబడుతుందనుకోవటం ఆయన తప్పు.

వైద్య విద్యపై ప్రభుత్వం వేసిన గుడ్‌ఇనఫ్ కమిటీ 1944లో ఇచ్చిన నివేదిక ఈ గోడలో మొదటి పెద్ద పగులు. స్త్రీలను ఒక మేరకైనా చేర్చుకోని స్కూలుకు ప్రభుత్వ డబ్బు రాదని అది చెప్పింది. ఆ మేర దాదాపు అయిదో వంతు. చాలా స్కూళ్ళు ఆ గీతను గరిష్ఠ హద్దుగా మార్చుకుని దశాబ్దాలు గడిపాయి. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఆసుపత్రులు ప్రభుత్వానివయ్యాయి. ఫీజుల కోసం విద్యార్థులను ఆకట్టుకునే అవసరం తగ్గింది. 1960ల నుంచి సీట్లకు అభ్యర్థులు పెరిగి, స్కూలు చివరి పరీక్షల్లో (ఎ-లెవెల్) వచ్చిన మార్కులే మొదటి కొలతగా మారాయి. కప్పు జట్ల పటుత్వం తగ్గటం ఇక్కడి నుంచే కనబడుతుంది. అయినా ఆ కాలంలోనూ ఒక మహా ఆటగాడు మేరీస్‌లో చదివాడు. జె.పి.ఆర్. విలియమ్స్, వేల్స్‌కు 55 మ్యాచులాడిన ఫుల్‌బ్యాక్, బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు లయన్స్ 1971, 1974 పర్యటనల వీరుడు. 1973లో డాక్టరు పట్టా పొంది ఎముకల సర్జన్ అయ్యాడు. 1978లో బ్రిడ్జెండ్ తరఫున న్యూజీలండ్‌తో ఆడుతుంటే ఆయన ముఖాన్ని బూటుతో తొక్కారు. డాక్టరైన తండ్రి పక్కనే కుట్లు వేస్తే మళ్ళీ మైదానంలోకి వెళ్ళాడు. అప్పుడు దాన్ని పౌరుషమన్నారు. తలకు తగిలే దెబ్బల గురించి ఇవాళ తెలిసినదాన్ని బట్టి చూస్తే, ఆ ఆట సంస్కృతిలో డాక్టర్లు కూడా రోగి స్థానంలో తమను చూసుకోవటానికి ఎంత వెనకాడారో ఆ సంఘటన చెబుతుంది. ఆయన 2024 జనవరిలో కన్నుమూశాడు.

మార్కులు కొలతయ్యాక అన్యాయం పోయిందనుకుంటే, సెయింట్ జార్జెస్ ఉదంతం చూడాలి. దరఖాస్తులు వడపోయటానికి ఆ స్కూలు 1970ల చివర ఒక కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసుకుంది. అంతకు ముందు మనుషులు చేసిన ఎంపికలను అనుకరించేలా దాన్ని రాశారు. స్త్రీ అయితే కొన్ని మార్కులు కోత, పేరు యూరోపియన్ కాకపోతే ఇంకా ఎక్కువ కోత. ఏటా 60 మంది దాకా ఈ లెక్క వల్ల ఇంటర్వ్యూ పిలుపు పోగొట్టుకుని ఉంటారని తేలింది. అదే ఆసుపత్రి డాక్టర్లిద్దరు 1986లో దీన్ని బయటపెట్టారు. 1988లో జాతి సమానత్వ కమిషన్ స్కూలును తప్పుపట్టింది. కమిషన్ మరో మాట కూడా గుర్తించింది. లండన్‌లో ఇతర స్కూళ్ళతో పోలిస్తే జార్జెస్‌లో నల్లజాతి, ఆసియా విద్యార్థులు అప్పటికే ఎక్కువ. అంటే యంత్రం లేని చోట్ల అదే కోత మనసుల్లో జరిగింది. మనకు ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ కాలేజీల్లో చదివి 1960, 70లలో బ్రిటన్ వెళ్ళి, అక్కడివాళ్ళు వద్దనుకున్న ఊళ్ళలో, వద్దనుకున్న విభాగాల్లో పనిచేసిన తెలుగు డాక్టర్లున్నారు. వాళ్ళ పిల్లలు మెడిసిన్ సీటుకు దరఖాస్తు చేసే వయసుకు వచ్చింది ఆ ఏళ్ళలోనే. ఆ ప్రోగ్రాం మార్కులు కోసింది మన ఇళ్ళలో పెట్టుకునే పేర్లలాంటి పేర్లకే.

పోటీ రూపాన్ని పూర్తిగా మార్చింది విలీనాలు. 1968లో వైద్య విద్యపై వేసిన టాడ్ కమిషన్ లండన్‌లోని పన్నెండు స్కూళ్ళను రెండేసి చొప్పున ఆరుగా కలపమంది. స్కూళ్ళు మొండికేశాయి. ఆసుపత్రి పేరు పోతే తమ జట్టు పోతుందన్న బాధ కూడా ఆ మొండితనంలో భాగం. అయినా 1982లో గైస్, సెయింట్ థామస్ కలిశాయి. 1998లో కింగ్స్‌లో కలిసి జీకేటీ అయ్యాయి. మేరీస్ 1988లో ఇంపీరియల్ కాలేజీకి వెళ్ళింది. 1997లో చారింగ్ క్రాస్, వెస్ట్‌మిన్‌స్టర్ కూడా అక్కడికే చేరి ఇంపీరియల్ మెడికల్స్ జట్టు ఏర్పడింది. సెయింట్ బార్తలోమ్యూస్ (బార్ట్స్), లండన్ ఆసుపత్రి 1995లో ఒకటయ్యాయి. యూనివర్సిటీ కాలేజీ, మిడిల్‌సెక్స్, రాయల్ ఫ్రీ కలిసి రమ్స్ అయ్యాయి. ఒంటరిగా మిగిలిన జార్జెస్ 2024లో సిటీ విశ్వవిద్యాలయంతో కలిసింది. పాత పన్నెండు పేర్లలో సగం ఇప్పుడు జట్ల పేర్లలో అక్షరాలుగా మాత్రమే మిగిలాయి. మరోపక్క 1987లో ఇంగ్లండ్ క్లబ్బులకు లీగు పద్ధతి వచ్చింది, 1995లో రగ్బీ ప్రొఫెషనల్ అయింది. వారం పొడుగునా జిమ్‌లో ఉండే ఆటగాడితో వార్డు డ్యూటీ ముగించుకు వచ్చే విద్యార్థి పోటీ పడలేడు. ఆసుపత్రి జట్టు నుంచి నేరుగా దేశం జట్టుకు వెళ్ళే దారి దాదాపు మూసుకుపోయింది. ఇంపీరియల్ 2015లో ఉడ్నీ పార్క్ మైదానాన్ని అమ్మేసింది.

క్లబ్బు చరిత్రలు దీన్నంతా పతనమని రాస్తాయి. ఆ మాటలో కొంత నిజమైన దిగులుంది. మైదానం పోవటం, రెండు వందల మంది ఒకరినొకరు పేరుతో పిలుచుకునే చిన్న స్కూలు వేల మంది విశ్వవిద్యాలయంలో కరిగిపోవటం నష్టాలే. కుర్ర డాక్టర్లు ఒంటరితనంతో, అలసటతో కుంగిపోతున్న ఈ రోజుల్లో ఒక జట్టులో ఉండటం చిన్న ఆసరా కాదు. కానీ ఆట ప్రమాణం పడిపోవటాన్ని మాత్రం నేను నష్టంగా లెక్కించను. ఇంగ్లండ్ కెప్టెన్లు మెడికల్ స్కూల్లో దొరకటం లేదంటే, సీట్లు ఇంగ్లండ్ కెప్టెన్ల కోసం పక్కన పెట్టటం ఆగిపోయిందని అర్థం. ఫైనల్‌కు ముందు పిండి, గుడ్లు విసురుకోవటం, ఎదుటి స్కూలు మస్కట్‌ను ఎత్తుకుపోవటం, ఒళ్ళు తెలియకుండా తాగటం ఈ పోటీ వారసత్వమని మురిసిపోయే రాతలు కూడా చాలా ఉన్నాయి. 1954లో వచ్చిన ‘డాక్టర్ ఇన్ ది హౌస్’ సినిమా ఆ అల్లరిని ముద్దుగా చూపించింది. ఆ అల్లరిలో కొత్తగా చేరినవాడికి, తాగనివాడికి, పొట్టివాడికి, ఆడపిల్లకు ఏమనిపించేదో రాసినవాళ్ళు తక్కువ.

ఈ కప్పుకు ఇప్పుడు స్త్రీల పోటీ కూడా ఉంది. వైద్య విద్యార్థుల్లో సగానికి పైగా అమ్మాయిలే అయిన చోట అది పురుషుల పోటీకి తోకగా ఉండకూడదు. 1924లో మేరీస్ వద్దనుకున్న విద్యార్థినుల వారసులు ఇవాళ ఇంపీరియల్ జెర్సీ వేసుకుని, రాయల్ ఫ్రీ పేరును తమ జట్టులో మోస్తున్న రమ్స్ అమ్మాయిలతో ఆడుతున్నారు. నూటయాభై ఏళ్ళ సందర్భంగా ఆసుపత్రులు కొత్త చరిత్రలు రాయించుకుంటే, గెలిచిన జట్ల పట్టికలో స్త్రీల ఫలితాలూ అంతే స్థలంలో అచ్చుకావాలి. 1920లలో తలుపులు మూసిన తీర్మానాలు, 1988 కమిషన్ నివేదిక ఆ పుస్తకాల్లోనే ఉండాలి, అనుబంధంలో కాదు, కప్పులు గెలిచిన ఏళ్ళ పక్కనే.